సందు జలంధర్

జలంధర్‌కు లోకంలో ఒకే ఒక్క మాట తెలుసు: సందు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి పదకొండేళ్ళుగా దోహాలో ఇంజన్లు విప్పుతున్న మెకానిక్కు ఇంకో మాట రాకపోవడమేమిటని అడక్కండి. వచ్చు, కానీ అవసరం పడలేదు. తాయెత్తు ఉండాల్సిన మెడలో సందు కొలిచే ఇనపరేకుల కట్ట వేలాడేది. స్నానానికి కూడా దాన్ని తీసేవాడు కాదు.

క్యాంపు గదిలో ఎనిమిది మంచాలు. మంచానికీ మంచానికీ జానెడు సందు లేకపోతే పడుకోడు. కంచంలో చివరి ముద్ద వదిలేస్తాడు, "కడుపుల సందుండాలె" అని. పెళ్ళాం శోభకు ఉత్తరం రాస్తే సగం కాగితం ఖాళీగా ఉంచుతాడు.

"ఏం భాయ్, ఆధా కాగజ్ ఖాళీ పంపుతున్నవ్?" అన్నాడు ఫసీయుద్దీన్. అదే షెడ్డులో బండ్లకు రంగులు వేసే హైదరాబాదీ.

"నేను రాయనిది ఆమె అనుకోవాలె గద. దానికి సందుండాలె."

శోభ తక్కువ తిన్నదా? నెల తిరిగేసరికి పూర్తిగా ఖాళీ కాగితం పంపింది. జలంధర్ మురిసిపోయి ఆ కాగితాన్ని షెడ్డంతా తిప్పి చూపించాడు.

ఇంత నవ్వొచ్చే మనిషిని చూస్తే గిరికి మాత్రం ఒళ్ళు మండేది.

గిరిది కడప జిల్లా. అల్ ఖోర్‌లో ఒక పెద్దింట్లో హౌస్ డ్రైవర్. వచ్చి పంతొమ్మిది నెలలైనా ఒక్కరోజు సెలవు లేదు. గేటు పక్కన గది, గదిలో గంట. గంట మోగితే లేవాలి, మోగకపోతే ఎక్కడ మోగుతుందోనని లేవాలి. ఊళ్ళోవాళ్ళేమో "వానికేం, కార్లలో తిరుగుతాండాడు" అనుకునేవాళ్ళు. తిరగడం నిజమే. గానుగెద్దు మాత్రం తిరగదా?

తొంభై ఆరు చలికాలంలో ఆ ఇంటి కొడుకు, అందరూ చిన్న అర్బాబ్, అంటే చిన్న యజమాని, అని పిలిచేవాడు, కెనడా నుంచి మంచుబండి తెప్పించాడు. ముందు రెండు జారుడు పట్టీలు, వెనక రబ్బరు పట్టా, మంచు మీద దూసుకుపోయే బండి. ఖతార్‌లో మంచు ఫ్రిజ్జులో తప్ప ఎక్కడుంది? ఇసుక కూడా జారేదే కదా అన్నాడు చిన్న అర్బాబ్. ఉన్నవాడి తర్కానికి తిరుగేముంది! గురువారం సాయంత్రం ఇసుకదిబ్బ మీద యాక్సిలేటర్ నొక్కగానే బండి గాడిదలా ఎగిరి తన్నింది. తలగుడ్డ ఒకచోట పడింది, అర్బాబ్ ఇంకోచోట పడ్డాడు.

మర్నాడు పొద్దున్నే గిరి ఆ బండిని పికప్‌లో వేసుకుని, గంటకు పైగా నడిపి, దోహా మెసైమీర్‌లో జలంధర్ షెడ్డుకు తెచ్చాడు.

జలంధర్ మూత విప్పాడు. ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, మధ్యన బెల్టు. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు బెల్టు ముందు పుల్లీలో వదులుగా కూర్చోవాలి, పక్కన రేకు దూరేంత సందుండాలి.

"గట్టిగ పట్టుకున్నది. నిద్ర లేవంగనే పని జెప్తే మనిషైనా తంతడు. గందుకే సందుండాలె."

"ఎంతసేపు పడుతుందన్నా?"

"గది నేను కాదు, సందు జెప్పాలె."

సందు సాయంత్రానికి గానీ చెప్పలేదు. చెప్పింది కూడా అబద్ధమే, మళ్ళీ గురువారం బండి మళ్ళీ తన్నింది. అలా ఎనిమిది శుక్రవారాలు. ఒకసారి సందు తక్కువైందంటాడు, బండి తన్నుతుంది. ఒకసారి ఎక్కువైందంటాడు, ఇంజన్ గొంతు చించుకుంటుంది తప్ప బండి కదలదు. గిరి బెంచీ మీద కూర్చుని జలంధర్ వంశాన్నంతా తిట్టుకుని, వాళ్ళు పెట్టిన అన్నం తిని, అక్కడే ఒరిగి నిద్రపోయేవాడు.

తొమ్మిదో శుక్రవారం గిరి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అన్నా, చిన్న అర్బాబ్ ఈపొద్దు సాయంత్రం అసర్ నమాజైనాక తానే వస్తాండాడు. బండి ఇంకొకతూరి తన్నిందంటే వీసా క్యాన్సిల్ చేసి నన్ను విమానం ఎక్కిస్తాడంట. నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు, ఇంకో మెకానిక్కును చూసుకుంటా!"

"క్యాన్సిలా?" జలంధర్ చేతిలో స్పానర్ ఆగిపోయింది. "గంత దూరం పోయిందా?"

జేబులోంచి పల్చటి వాషర్ ఒకటి తీశాడు. వెనక పుల్లీ విప్పి, వాషర్ వేసి, బిగించి, మెడలోని రేకుతో ఒక్కసారి కొలిచాడు. పది నిమిషాలు పట్టలేదు. బండి షెడ్డు ముందు ఇసుకలో వెన్న మీద జారినట్టు మెత్తగా కదిలింది.

గిరికి సంతోషం కలగలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. "జోబులోనే పెట్టుకోనుంటివా? పది నిమిషాల పనికి రెండు నెల్లు తిప్పుకుంటివా? నీ సందు పాడుగాను!" అంటూ కాలర్ పట్టుకున్నాడు.

ఫసీయుద్దీన్ చాయ్ గ్లాసు పారేసి ఒక్క దూకు దూకాడు. "ఛోడ్ గిరీ! దివానా అయినవా? పహిలా శుక్రవారం నాడు అన్నంల చెయ్యి పెట్టి అట్లనే నిద్రపోయినవ్, యాదుందా? నా రేడియో బంద్ చేయించిండు ఈయన. ఒక్క ఇంజన్ స్టార్ట్ చేయనియ్యలె. బండి ఆ దినమే బాగైంది మియా! మళ్ళ ఇప్పి వాషర్ తీసేసిండు. 'బండి బాగైతే పోరనికి శుక్రవారం ఉండది భాయ్' అన్నడు. జుమాకు షెడ్డు ఛుట్టీ, తెలుసా? వారంల ఈయనకున్నది గదొక్కటే ఛుట్టీ."

గిరి చేతులు కాలర్ మీదే ఉండిపోయాయి. ఏం చెయ్యాలో తోచక ఆ కాలర్‌నే సవరించాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఈ దేశం మొత్తంలో తన నిద్ర సంగతి పట్టించుకున్నవాడు ఒక్కడు. రెండు నెలలుగా తాను తిట్టిందీ ఆ ఒక్కణ్ణే.

"చెప్పుండకూడదా అన్నా?"

"చెప్తే నీకు నిద్రపడ్తుండెనా?" అన్నాడు జలంధర్, చేతులు తుడుచుకుంటూ.

చిన్న అర్బాబ్ వచ్చాడు. బండెక్కి భయంభయంగా నొక్కాడు. అది తన్నలేదు. రెండు చుట్లు తిరిగి, "మియా మియా!" అన్నాడు, నూటికి నూరని. ఆ వెంటనే గిరి వైపు తిరిగి, "ఖలాస్ గరాజ్!" అన్నాడు. ఇక షెడ్డుకు రానక్కర్లేదని. ఉద్యోగం నిలిచింది, శుక్రవారం పోయింది. గిరి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

జలంధర్ రేకుల కట్ట ఎత్తిపట్టుకుని అర్బాబ్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "అర్బాబ్, రమల్ అందర్ జాతా! కుల్ జుమా చెక్ లాజిమ్!" ఇసుక లోపలికి పోతుంది, ప్రతి శుక్రవారం చూడాల్సిందేనని. "మాఫీ చెక్..." చూడకపోతే ఇంతేనని, కాలితో గాలిని ఒక్క తన్ను తన్ని చూపించాడు.

చిన్న అర్బాబ్ చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది. సరే, బండి దింపేసి డ్రైవర్ వెనక్కి వచ్చేస్తాడన్నాడు.

"లా, లా! డ్రైవర్ లాజిమ్!" సీటు మీద మనిషి బరువు లేకపోతే రేకు తప్పు చూపిస్తుందని మూడు భాషలు కలిపి, రెండు చేతులూ తిప్పి వివరించాడు జలంధర్. మూడు భాషల్లోనూ అది పచ్చి అబద్ధం. ఫసీయుద్దీన్‌కు దగ్గు తెర వచ్చి గోడ వైపు తిరిగాడు.

"కమ్ సాఆ?" ఎన్ని గంటలని అడిగాడు అర్బాబ్.

జలంధర్ వేళ్ళు చూపించాడు, ఆరు.

"యల్లా," సరే కానిమ్మని అర్బాబ్ తన కారెక్కాడు. అతను చూస్తున్నాడేమోనని గిరి గబగబా మంచుబండి సీటెక్కి, ఊపిరి బిగబట్టి, చేతనైనంత బరువుగా కూర్చున్నాడు. కారు మలుపు తిరిగిపోయినా దిగలేదు.

జలంధర్ రేకు దూర్చి, కన్ను చికిలించి చూసి తల అడ్డంగా ఊపాడు. "బరువు చాలుత లేదు. దిగు, అన్నం తిందువు పా."