అట్టముక్కల మీద నా పేరు

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. మైకు పట్టుకోవడం నాకు ఇదే మొదటిసారి గానీ, ఈ మైకుకు నా పేరు కొత్త కాదు. మూడేళ్లపాటు ప్రతి ఆదివారం ఇందులో నా పేరు మోగింది. "సోదరుడు యాకోబు గుట్కా నుండి విడుదల పొందాలి" అని మన అయ్యగారు ప్రార్థన విన్నపాల్లో చదవడం, గుడి మీది హారన్‌లోంచి ఆ మాట ఊరంతా వినపడటం, టీకొట్టు బల్ల మీద కూర్చున్న నన్ను చూసి నలుగురూ పకపకా నవ్వడం! ఆ నవ్వు నాకు ఎంత మండేదో మీకు చెప్పలేను.

నేను మిరప తోటలకు మందు కొట్టే పనికి పోయేవాణ్ణి. మందు ఘాటు గొంతులోకి దిగకుండా ఉంటుందని ఎవరో చెబితే ఒక గుట్కా పొట్లం నోట్లో వేసుకున్నాను, తర్వాత మందు కొట్టని రోజుల్లోనూ వేసుకున్నాను, చివరికి నిద్రలో తప్ప నా నోరు ఖాళీగా ఉన్నది లేదు. కొన్నేళ్లకు నోట్లో మంట మొదలైంది. పల్నాట్లో పుట్టి, మిరప కల్లాల్లో పెరిగి, అన్నంలో చిటికెడు కారం కలుపుకోలేని మనిషి ఎక్కడైనా ఉంటాడా? నేనున్నాను! మెత్తగా పిసికిన మజ్జిగన్నమే నా తిండి. రానురాను నోరు బిగుసుకుపోయి ఆ ముద్ద కూడా లోపలికి పోవడం కష్టమైంది, అయినా పొట్లం మాత్రం ఎలాగో దూర్చేవాణ్ణి.

నా భార్య సుగుణమ్మ రెండేళ్లు రూళ్ల కాగితం మీద నా పేరు రాసి, గుడి బయటి గోడకున్న విన్నపాల పెట్టెలో వేసింది. ఒక ఆదివారం టీకొట్టు దగ్గర నవ్వులు మరీ ఎక్కువై, కోపంతో ఇంటికి వచ్చి ఆమె నోటుపుస్తకం ముక్కలు ముక్కలుగా చింపేశాను, ఇంకోసారి రాస్తే ఇంట్లోంచి వెళ్లగొడతానన్నాను. ఆమె ఏడ్చి, ఇక రాయనని మాటిచ్చింది. పీడ వదిలిందనుకున్నాను. మరుసటి ఆదివారం ఏం జరిగిందో తెలుసా? మళ్లీ నా పేరు! ఆ పై వారం మళ్లీ! "ప్రభువు సాక్షిగా నేను రాయలేదయ్యా" అని ఆమె ఎంత మొత్తుకున్నా నేను నమ్మలేదు. చెయ్యి చేసుకున్నాను, సహోదరులారా. ఒక్కసారి కాదు. ఏడాదిపాటు ఆ ఇంట్లో ఆమెతో సరిగా మాట్లాడిందీ లేదు.

ఆ తర్వాత నోట్లో తెల్లని మచ్చ కనిపించింది. నరసరావుపేటలో డాక్టరు గారు మూడు వేళ్లు కలిపి నిలువుగా నోట్లో పెట్టుకోమన్నారు. ఒక్క వేలు పట్టింది, రెండోది పట్టలేదు! నా నోరు నాదే, నా వేళ్లు నావే, అంత మూసుకుపోయిందని నాకే తెలియదు. ఆయన చిన్న ముక్క కోసి పరీక్షకు పంపి, శనివారం రిపోర్టు వస్తుంది, అప్పటిదాకా ఏమీ చెప్పలేనన్నారు. బస్సులో తిరిగి వస్తుంటే చావు భయం ఒకవైపు, ఈ సంగతి కూడా మైకులో చదువుతారన్న ఉక్రోషం ఇంకొకవైపు. తెల్లారగానే నా పేరు తీసేయించడానికి అయ్యగారి ఇంటి మీదికి పోయాను.

ఆయన నాతో వాదించలేదు. బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి నా ముందు బోర్లించారు. "ఇవన్నీ నీవే, విడిగా దాచాను" అన్నారు. రూళ్ల కాగితాలు సుగుణమ్మవి, ఆమె రాత నాకు తెలుసు. మిగిలినవి కాగితాలు కావు, అట్టముక్కలు! ఒకవైపు రంగు రంగుల అచ్చు, రెండోవైపు వంకరటింకర అక్షరాల్లో ఒక్కటే మాట, "యాకోబు నోరు బాగుపడాల". ఒక్క వారం కూడా తప్పలేదు. ఆ రంగుల అచ్చు చూడగానే గుర్తుపట్టాను. అది నేను తినే గుట్కా పెట్టె అట్ట. మా ఊళ్లో ఆ సరుకు చాటుగా అమ్మేది ఒక్కరే, మా ఇంటి ఎదురు కొట్టు కోటమ్మ పిన్ని.

ఆమె మన గుడి గడప ఎప్పుడూ తొక్కలేదు, ఆమె దేవుళ్లు వేరు. ఆమె భర్త ఇదే తిని, ఇదే నోటి జబ్బుతో, ఆఖరికి గంజి కూడా దిగక పోయాడు. ఆ కొట్టే ఆమెకు ఆధారం. నేను అట్టముక్కలు తీసుకుని నేరుగా ఆమె కొట్టుకు పోయి, బల్ల మీద పరిచి, ఇవి నీవేనా పిన్నీ అని అడిగాను. ఆమె తల దించుకుంది.

"నావేరా. నువ్వు పుస్తకం చింపేశావనీ, ఇంక రాయననీ సుగుణ ఈడ కూకుని ఏడ్చింది. ఎవరో ఒకరు అడగాల గదా! మా దేవుళ్లకీ చెప్పా, మీ దేవుడికీ చెప్పా. మీ అయ్యగారు మైకులో చదువుతాడు గదా, ఆ దేవుడికి గట్టిగా ఇనపడిద్దిలే అనుకున్నా."

"మరి నాకు అమ్మావేంది పిన్నీ?"

"నేనియ్యకపోతే బండేసుకుని మాచర్ల పోయి తెచ్చుకుంటావు. ఈడైతే రోజుకెన్ని తింటున్నావో నాకు తెలుస్తదని సర్దిచెప్పుకున్నా. సిగ్గుమాలిన పనే. ఈ చేత్తో ఇచ్చేదాన్ని, ఈ చేత్తోనే రాసేదాన్ని."

సుగుణే రాస్తోందనుకుని కొట్టాను పిన్నీ అని అప్పుడు చెప్పాను. ఆమె నుదురు బాదుకుంది. "ఏందిరా! నేను రాసినందుకు ఆ పిల్లని కొట్టావా? అది నాకొక్క ముక్కైనా చెప్పలేదే! చానా పాపం జేశావు గదరా!" అంది, కొట్టు వదిలేసి, మోకాళ్ల నొప్పులు కూడా లెక్కచేయకుండా మా ఇంట్లోకి పరుగెత్తి సుగుణమ్మను పట్టుకుని ఏడ్చింది.

నేను ఆ బల్ల దగ్గరే నేల మీద కూలబడ్డాను. నోరారా ఏడుద్దామంటే నోరు తెరుచుకోదు! పళ్ల సందుల్లోంచే ప్రార్థన చేశాను. "ప్రభువా, నేను నీ గుడిలో పుట్టి పెరిగి నా కోసం ఒక్కమాట అడగలేదు. అడిగేదాన్ని బెదిరించి మాన్పించాను. అయినా నువ్వు ఎదురింటామె చేత అడిగించావు. నీకు నేనంటే ఇంత పట్టుదల ఎందుకయ్యా? రిపోర్టు ఏదొచ్చినా సరే, ఈ పొట్లం నా చేతుల్లోంచి తీసెయ్యి." అలా వేడుకుని, సుగుణమ్మ దగ్గరకు పోయి కాళ్ల మీద పడ్డాను. ఆమె నన్ను లేపలేదు, చాలాసేపు అలాగే ఉండనిచ్చింది. అది నాకు తగినదే.

శనివారం రిపోర్టు వచ్చింది. ఇంకా క్యాన్సర్ కాలేదు! గడప దాకా వచ్చి ఉంది, ఇవాళే మానాలన్నారు డాక్టరు గారు. దేవునికే మహిమ! మానడం ఒక్కరోజులో అయిందని నేను అబద్ధం చెప్పను. తల పగిలిపోయింది, రెండుసార్లు మాచర్ల బస్సెక్కి దారిలో దిగిపోయాను. ఆసుపత్రిలో సూదులు వేశారు, ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతిగా పళ్ల మధ్య పెట్టి నోరు సాగదీయడం నేర్పారు. ప్రార్థన చేసి ఒక పుల్ల, మళ్లీ ప్రార్థన చేసి ఇంకో పుల్ల. కోటమ్మ పిన్ని ఎవరూ అడక్కుండానే గుట్కా దాచే కింది అర ఖాళీ చేసి ఉప్పు పాకెట్లు సర్దింది. ఇవాళ నా నోట్లో రెండు వేళ్లు బాగా పడతాయి, మూడోది కాస్త ఇబ్బంది పెడుతుంది. నిన్న సుగుణమ్మ పండుమిరపకాయ పచ్చడి కలిపి పెడితే తిన్నాను, కళ్లలో నీళ్లొచ్చాయి, అవి కారానికి వచ్చినవి కావు!

ప్రియులారా, ఒక సంగతి కోసం అడిగి అడిగి విసిగిపోయినవారు మీలో ఉన్నారా? మానకండి. సిగ్గుపడకండి. చేతిలో మంచి కాగితం లేకపోతే ఉన్న అట్టముక్క మీదే రాయండి. మీ చేతులు శుభ్రంగా లేవని కూడా ఆగకండి, శుభ్రం లేని చేతులతో రాసినదే నా దేవుడు విన్నాడు.

ఏ మైకులో నా పేరు వచ్చిందని నా భార్యను కొట్టానో, ఆ మైకులోనే ఊరంతా వినేలా చెబుతున్నాను. మాటిచ్చాక సుగుణమ్మ రాయలేదు. ఆమె చెప్పింది నిజం. నాదే తప్పు.

చివరిగా ఒక విన్నపం. కోటమ్మ పిన్ని దగ్గర మిగిలిన అట్ట ఒకటి అడిగి తెచ్చుకుని పొద్దున్నే రాశాను, నేనే చదువుతాను: "కోటమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాలి." తగ్గేదాకా ప్రతి ఆదివారం ఇది విన్నపాల పెట్టెలో ఉంటుంది.

పిన్నీ, కొట్లోనే ఉన్నావుగా? ఇనపడతందా?