షినాస్ బిడ్డకు బాప్తిస్మం

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. ఒమాన్‌లో ఉన్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకూడదు. పెద్దవాళ్లైనా, పిల్లలైనా సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు, ఎవరి సొంత సంఘంలో వారు తీసుకోవాలి. బయటివారికి ఇది వింతగా తోచవచ్చు గనుక కారణం చెబుతాను. మాలో సగంమంది చిలకరించే సంఘాల నుంచి వచ్చినవారు. వారి ఇళ్లలో బిడ్డ పుట్టిన కొన్ని నెలలకే నుదుట నీళ్లు చిలకరించి, పేరు పెట్టి, బాప్తిస్మం ఇస్తారు. తక్కిన సగం ముంచే సంఘాలవారు. మనిషి బుద్ధి తెలిసి, తన నోటితో తాను విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచాలని, పసిబిడ్డకు చేసినది బాప్తిస్మమే కాదని వారి నమ్మకం. ఏలూరులోనో గుంటూరులోనో అయితే రెండు గుళ్లు, రెండు గంటలు, ఎవరి దారి వారిది. ఇక్కడ మస్కట్‌లో మాకున్నది ఒక్క హాలు, ఒక్క అయ్యగారు.

సంఘం మొదలైన ఏడాది, ఎనభై తొమ్మిదిలో, ఈ సంగతి మీద మొదటిసారి మాట వచ్చినప్పుడు చిలకరించే పక్షం వారిలో ఒక పెద్ద నర్సమ్మ, "ముంచడానికి ఈ దేశంలో అన్ని నీళ్లెక్కడున్నాయి నాయనా? ట్యాంకరు తెప్పించాలి. మా పద్ధతైతే ఒక్క గ్లాసుతో పోతుంది" అంది.

అజైబాలో ఒక ఆఫీసులో పనిచేసే మా సంఘపెద్ద, ముంచే పక్షం ఆయన, వెంటనే అందుకున్నారు. "సముద్రం కనబడటం లేదా అక్కా? కళ్లద్దాలు మార్పించుకో."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే కట్టుబాటు కుదిరింది. కార్యదర్శిని గనుక దాన్ని కాగితం మీద పెట్టినవాణ్ని నేను. నేనూ ముంచే పక్షం వాణ్నే.

మా అయ్యగారు అభిషేకం పొందిన పాదిరే అయినా, వారమంతా ఒక కంపెనీలో టైమ్‌కీపరుగా డ్యూటీ చేసేవారు. వారాంతపు సెలవుగా ఆయనకున్నవి గురువారం, శుక్రవారం మాత్రమే. నెలలో రెండు శుక్రవారాలు మస్కట్‌లో ఆరాధన, ఒకటి ఉత్తరపు కొసనున్న షినాస్‌లో ఒక నర్సు ఇంట్లో, ఒకటి దక్షిణాన వెయ్యి కిలోమీటర్ల అవతలి రైసూత్ రేవులో పనిచేసే మనవాళ్ల క్యాంపులో. రైసూత్ వంతు వచ్చిన వారం ఆయన బుధవారం సాయంత్రం బస్సెక్కితే శనివారం ఉదయానికి గాని తిరిగి దిగేవారు కాదు. ఈ వంతులు వేసేది నేను. ఒకసారి వేశాక మార్చేవాణ్ని కాదు. ఒక ఊరికి మారిస్తే మిగతా రెండు ఊళ్లూ అలుగుతాయి.

తొంభై నాలుగులో, ఈస్టరు ముందటి శ్రమకాలంలో, రైసూత్ వంతు వారంలో, గురువారం పొద్దున షినాస్ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరి ఇంట్లో ఆరాధన జరిగేదో ఆ నర్సే చేసింది. ఆమెకు పెళ్లయిన ఏడేళ్లకు నిలిచిన కడుపు. నెలలు నిండకముందే మంగళవారం ఆడపిల్ల పుట్టింది. బిడ్డను షినాస్ నుంచి గంట దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి తరలించి అద్దాల పెట్టెలో పెట్టారు.

"అన్నయ్యా, తొమ్మిది వందల గ్రాములు కూడా లేదు" అంది ఆమె. గొంతు డ్యూటీలో రిపోర్టు చెబుతున్నట్టుగా ఉంది. "అయ్యగారిని పిలిపించండి. నా బిడ్డకు బాప్తిస్మం కావాలి."

ఆమె చిలకరించే ఇంటి పిల్ల. భర్త ముంచే ఇంటివాడు. షినాస్‌లో చేపలకు ఐసు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో స్టోరు చూసేవాడు. వారి పెళ్లినాడు ఊళ్లో రెండు పక్షాలూ ఒక పందిరి కింద భోజనం చేయడమే గొప్పగా చెప్పుకున్నారట. పిల్లలు పుడితే ఏం చేయాలన్నది ఆ రోజు ఎవరూ అడగలేదు.

"మీవారు ఏమంటున్నారమ్మా?" అన్నాను.

"ఆయన ఏమీ అనడం లేదు."

రైసూత్ క్యాంపులో ఫోన్ క్యాంపు బాస్ గదిలో ఉండేది. కబురు పెట్టగా సాయంత్రానికి అయ్యగారు నాకు ఫోన్ చేశారు. అంతా విన్నారు. తరువాత, "కట్టుబాటుకు నేనూ ఒప్పుకున్నవాణ్నే కదా. సంఘం కాదంటే నేను చెయ్యలేను. తండ్రి కాదంటే అసలే చెయ్యకూడదు. ఈ రెండూ మీరు చూడండి. నేను శనివారం బస్సు దిగుతూనే అటే వస్తాను" అన్నారు. అంతకన్నా ముందు వచ్చే దారి ఆయనకు లేదు. శుక్రవారం ఆయన చేతి మీదుగా ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ఆ క్యాంపులో మనుషులు నెల నుంచి కాచుకుని ఉన్నారు.

శుక్రవారం మస్కట్ ఆరాధన నేనే నడిపించాను. అది ముగిశాక పెద్దలను ఆపి సంగతి చెప్పాను. ఆ హాలు మాకిచ్చిన వేళ అప్పటికే అయిపోతోంది. తరువాతి వేళ మలయాళీ సంఘానిది. వాళ్లు పాటల పుస్తకాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. మేం గొంతులు తగ్గించి కొట్లాడుకున్నాం.

"ఇవాళ ఈ బిడ్డకు చిలకరించారనుకో, రేపు నా పిల్లల్ని కుర్మ్ బీచిలో ముంచుతానంటాను. వద్దంటావా?" అన్నారు సంఘపెద్ద.

"పోయే బిడ్డతో పందెమా అన్నగారూ?" అంది పెద్ద నర్సమ్మ. ఈసారి ఆమె గొంతులో హాస్యం లేదు.

"పోతుందని నువ్వెందుకు అంటున్నావు? ప్రార్థన చెయ్యి. ప్రార్థన చెయ్యకముందే నీళ్ల గ్లాసు పట్టుకు తిరుగుతావేం?"

"రెండూ చేతనవుతాయి నాకు."

ఒకాయన అప్పుడే లేచి, ఇదే జరిగితే మా ఆరు కుటుంబాలూ వేరే కూడిక పెట్టుకుంటాయి అన్నాడు. ఇంకొకామె, పెట్టుకోండి, హాలు మీ మామగారిదా అంది. గుమ్మంలోని మలయాళీ పెద్దాయన గడియారం వంక చూసి దగ్గాడు. చివరికి సంఘపెద్ద కుర్చీలోంచి లేస్తూ నాతో ఒక్కమాట అన్నారు. "తండ్రి మావాడు. వాడు నోరు తెరిచి సరే అంటే నేను నోరు మూసుకుంటాను. అనకపోతే మాత్రం ఊరుకోను."

ఆ విధంగా అందరి భారం ఆ ఒక్కడి మీద పడింది.

మా కంపెనీలో వ్యాను నడిపే అతను జగిత్యాల వైపు మనిషి. నేను అడగ్గానే సెలవురోజు వదులుకుని వచ్చాడు. మేం ఆసుపత్రి చేరేసరికి సాయంత్రం నమాజు అయింది. తండ్రి బయట గోడ నీడన చెప్పులు విడిచి కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేచి వందనాలు చెప్పి మళ్లీ కూర్చున్నాడు.

"అన్నయ్యా, మీరు మా పక్షంవాళ్లే. మీరైనా చెప్పండి దానికి" అన్నాడు. "పసివాళ్లు నేరుగా దేవుని దగ్గరికి పోతారనే కదా మనం నేర్చుకున్నది? మరి నీళ్లు ఎందుకు? నీళ్లు లేకపోతే ఆయన నా బిడ్డను బయట నిలబెడతాడా?"

"నిలబెట్టడు" అన్నాను. అది నా నమ్మకం.

"అయితే ఎందుకు?"

"ఆమె అడుగుతోంది కాబట్టి."

అతను తల అడ్డంగా ఊపాడు. నేలకేసి చూస్తూ అసలు మాట చెప్పాడు. "నేను సరే అన్నానంటే పోతుందని ఒప్పుకున్నట్టే గదా. ఆ మాట నా నోటితో నేను అననన్నయ్యా. నేను అననంతసేపు అది ఉంటుంది."

నేను లోపలికి వెళ్లాను. తల్లి ఆ వార్డు ముందు బల్ల మీద కూర్చుని ఉంది. కాన్పయి నాలుగో రోజు. కాళ్లకు నీరు దిగింది. అతను అన్నది చెప్పకుండా, ధైర్యం తెచ్చుకోమ్మా, బిడ్డ కోలుకోవచ్చు అన్నాను.

"నేను నర్సుని అన్నయ్యా" అంది ఆమె. "ఆ మానిటరు చదవడం నాకు రాదనుకుంటున్నారు ఆయన. మీరూ అలాగే మాట్లాడుతున్నారు. నిన్నటికీ ఇవాళ్టికీ ఆక్సిజన్ రెండుసార్లు పెంచారు. ఇంక పెంచడానికి లేదు."

"అతణ్ని బలవంతపెట్టమంటావా?"

"వద్దు. ఆయన్ని ఎవరూ ఏమీ అనొద్దు. అయ్యగారిని మాత్రం తీసుకురండి."

శనివారం తెల్లవారకముందే వ్యాను డ్రైవరు మస్కట్ బస్టాండుకు వెళ్లి అయ్యగారిని ఎక్కించుకుని నేరుగా ఆసుపత్రికి తెచ్చాడు. దారి పొడుగునా ఆయన నిద్రపోలేదట. "ఒక్కతీరుగ పెదవులు కదుపుకుంటనే ఉన్నడు సార్. నేను రేడియో బంద్ చేసిన" అన్నాడు డ్రైవరు నా చెవిలో. అయ్యగారు ముందు తండ్రి దగ్గరికి వెళ్లి పక్కన కూర్చున్నారు. ఏమీ బోధించలేదు. "ఏం చెయ్యమంటావు బాబూ?" అని మాత్రం అడిగారు.

"మీ ఇష్టం అయ్యగారూ" అన్నాడు అతను. వెంటనే లేచి నడవా చివర మంచినీళ్ల కూలరు దగ్గరికి పోయి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

అది సమ్మతో, విసుగో నాకు తెలియలేదు. అయ్యగారు సమ్మతిగానే తీసుకున్నారు. వేరే మార్గం ఆయనకూ లేదు.

లోపలికి ఇద్దరికి మించి రానివ్వరు. అయ్యగారికీ తల్లికీ ఆకుపచ్చ గౌన్లు తొడిగి, మోచేతుల దాకా కడిగించారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి అంతా కనబడేది. కుళాయి నీళ్లు బిడ్డకు తగలనివ్వనని వార్డు సిస్టర్ హిందీలో ఖచ్చితంగా చెప్పేసి, ఇంజెక్షన్లకు వాడే శుద్ధమైన నీటి సీసా ఒకటి విరిచి, చిన్న గిన్నెలో పోసి, దూది ముక్క ముంచి ఇచ్చింది. అయ్యగారు పెట్టె పక్కనున్న గుండ్రటి కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టారు. ఆ చెయ్యి బిడ్డ మొత్తం కన్నా పెద్దది. వాక్యం చదివారు. ప్రార్థన చేశారు. తరువాత ఆచారం ప్రకారం, "ఈ బిడ్డ పేరేమిటి?" అని అడిగారు.

తల్లి తలుపు వైపు చూసింది.

అయ్యగారు మళ్లీ అడిగారు.

"పేరు వాళ్ల నాన్న చెప్పాలి" అంది ఆమె. "నాకు తెలుసు ఏం పెట్టాలో. నేను చెప్పను. ఆయన చెప్పాలి."

"జల్దీ కీజియే, ఫాదర్" అని తొందరపెట్టింది సిస్టర్, మానిటరు వంక చూస్తూ. కంత తెరిచి ఉన్నంతసేపూ పెట్టెలో వెచ్చదనం పోతుంది. అయ్యగారు చెయ్యి బయటికి తీయలేక, లోపల ఉంచలేక, తల తిప్పి నా వంక చూశారు.

నేను నడవా చివరికి పరుగెత్తాను. వయసు మర్యాద ఏదీ చూసుకోలేదు. డ్రైవరు అతని పక్కన చల్లారిన టీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తమ్ముడూ, అయ్యగారు చెయ్యి లోపల పెట్టుకుని నిలబడ్డారు. పేరు అడుగుతున్నారు."

"ఆమెనే చెప్పమనండి."

"చెప్పనంటోంది. నువ్వు చెప్పందే జరగనివ్వదట."

అతను గోడ మీదినుంచి చూపు తిప్పలేదు. డ్రైవరుకు మా రెండు పక్షాల సంగతి ఏమీ తెలియదు. తనకు తోచింది తను అన్నాడు. "అన్నా, పేరే కదనే అడుగుతున్నరు, పానం అడుగుతలేరు కద. జెర చెప్పు. మా దిక్కు పేరు పెట్టందే తొట్టెల కూడ ఏస్తరా?"

అప్పుడు అతను చెప్పాడు. గోడతోనే చెప్పాడు. ఎంత మెల్లగా అంటే నేను వంగి రెండోసారి చెప్పించుకోవలసి వచ్చింది. ఆ రెండోసారి చెప్పడం అతనికి ఎంత కష్టమైందో నేను చూశాను. ఆ పేరు ఇక్కడ రాయను, అది వారిది. తలుపు దాకా మోసుకుపోయి లోపలికి అందించాను. తల్లి కళ్లు మూసుకుంది. ఆమె అనుకున్న పేరూ అదే అయి ఉంటుందని నాకు అనిపించింది గాని, ఎప్పుడూ అడగలేదు. తండ్రియొక్కయు, కుమారునియొక్కయు అంటూ అయ్యగారు దూదితో మూడుసార్లు ఆ నుదుట తాకారు.

ఆదివారం ఉదయం, డాక్టర్లు రౌండ్లు మొదలుపెట్టే వేళకు, బిడ్డ పోయింది.

మస్కట్ దగ్గర కొండల మధ్య క్రైస్తవులకు విడిచిన సమాధుల తోట ఉంది. తోట అనడం మన అలవాటే గాని ఒక్క గడ్డిపోచ ఉండదు. సోమవారం మధ్యాహ్నం అక్కడ పెట్టాం. నేల అంతా రాయి. గునపం దిగడం లేదు. సంఘపెద్ద ఆఫీసు చొక్కా చేతులు మడిచి తానే గునపం అందుకున్నారు. శవపెట్టె మోయడానికి నలుగురు ముందుకు వచ్చారు గాని అది ఒకరి చేతుల్లో పట్టేది. తండ్రి ఎవరికీ ఇవ్వలేదు.

తిరిగి షినాస్‌కు వ్యానులో బయలుదేరాం. తల్లి ముందు సీటులో, తండ్రీ నేనూ వెనక. బర్కా దాటాక అతను హఠాత్తుగా నా ముంజేయి పట్టుకున్నాడు.

"నేను పేరు చెప్పకపోయినట్టయితే ఉండేదేమో అన్నయ్యా."

ఇది అబద్ధం అని చెప్పవచ్చు. బిడ్డ ఊపిరితిత్తుల సంగతి చెప్పవచ్చు. అవన్నీ అతనికీ తెలుసు. నేను అతని చేతి మీద చెయ్యి వేశాను.

ముందు సీటులోంచి ఆమె వెనక్కి తిరగకుండానే అంది. "మీరు చెప్పకపోతే నేనిప్పుడు ఏమని పిలిచి ఏడవనండీ?"

అని, పిలిచింది. ఇన్ని రోజుల్లో మొదటిసారిగా గొంతెత్తి ఏడ్చింది. డ్రైవరు వ్యాను పక్కకు తీసి ఆపబోతే, వద్దు, పోనివ్వమని చెయ్యి ఊపింది. షినాస్ చేరేదాకా ఆమె ఆ పేరు పిలుస్తూనే ఉంది. అతను కిటికీకి తల ఆనించి వింటున్నాడు. ఒక్కసారి కూడా దాన్ని మళ్లీ పలకలేదు.