ఉడుతా, తంగేడూ, మధ్యలో నేనూ

నా చిన్నప్పుడు నూజివీడు మామిడితోటల్లో ఉడుతలన్నీ నా మాట వినేవి. రమ్మంటే వచ్చేవి, పొమ్మంటే పోయేవి. మనవళ్లకు ఇలాగే చెబుతుంటాను. నిజానికి వచ్చింది ఒక్క ఉడుత, అదీ ఒక్కసారి. పైగా ఆ ఉడుతంటేనే నాకు ఒళ్లుమంట.

పక్కింటి అక్క వేసవిలో తోటలో చాపలు పరిచి మామిడి ఒరుగులు ఎండబెట్టేది. ఉప్పు పట్టించిన ఆ ముక్కల మీద కాకులు వాలకుండా చూడడం నా పని. అందుకు కొంగున మూటగట్టుకొచ్చిన వేరుశనక్కాయల్లో సగం నాకు పెట్టేది. స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో చెట్టు మీంచి ఓ ఉడుత దిగింది. అక్క చేతిలోంచే కాయ అందుకుని, ఆమె కాళ్ల దగ్గరే కూర్చుని ఒలుచుకు తినేది. కాయలు తగ్గితే తగ్గాయి. నన్ను చూసి నవ్వినట్టే అక్క దాన్ని చూసీ నవ్వుతుంటే మాత్రం ఓర్చుకోలేకపోయాను.

దాన్ని ఓడించాలని గట్టు మీది తంగేడు కొమ్మలు పూలతో సహా విరిచి తెచ్చి అక్క ఒళ్లో పోశాను.

"చూడక్కా, ఎంత పచ్చగా ఉన్నాయో! నీ ఉడుతకేముంది, వీపు మీద మూడు గీతలు తప్ప?"

అక్క నవ్వలేదు. "ఉడుత దానంతటది వచ్చిందిరా. వీటిని నువ్వు విరుచుకొచ్చావు, సాయంత్రానికి వాడిపోతాయి. ఆ తంగేడు తేనెటీగల్ని ఎప్పుడన్నా పిలిచిందా? ఉన్నచోట పూసింది, అవే వచ్చాయి. నువ్వూ కాసేపు అట్లా ఉండి చూడు."

నా అరచేతిలో నాలుగు గింజలు పోసి మామిడిచెట్టు మొదట్లో కూర్చోబెట్టింది. చీమలు కుట్టినా కదల్లేదు. చివరికి నా శత్రువే వచ్చి, మోకాలెక్కి, చేతిలో గింజ తీసుకుంది. దాని గుండె నా చర్మం మీద టకటకా కొట్టుకుంటుంటే నా కుళ్లంతా ఎటుపోయిందో తెలియలేదు.

ఇప్పటికీ తమ్ముడి తోట నాకంటే బాగా కాసినా, మనవరాలు నన్ను వదిలి వాళ్ల నానమ్మ ఒళ్లో దూరినా, లోపల అదే మంట లేస్తుంది. అప్పుడు అరచెయ్యి తెరుచుకుని అరుగు మీద ఊరికే కూర్చుంటాను. మనవరాలైతే వస్తుంది.

మొన్న అక్కను చూడబోయి ఇదంతా ఆమెకే చెప్పాను. తొంభై దాటినా ఆమె దేన్నీ మరిచిపోలేదు.

"కదలకుండా కూర్చున్నావా? గుర్రుపెట్టి నిద్రపోయావురా సన్నాసీ! అందుకే వచ్చింది. నేను తట్టి లేపేసరికి నువ్వు చూసింది దాని తోకే."