విశ్వన్న సందు

విశ్వేశ్వర్‌కు కోపం ముక్కు మీద ఉంటుందని అతనుండే జహనుమా గల్లీలో అందరూ అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ముక్కు మీద ఉన్న కోపం చేతిదాకా దిగడానికి కాస్త సమయమైనా పడుతుంది. ఇతని కోపం పుట్టడమే అరచేతిలో పుడుతుంది. బేగంబజార్‌లో మూడు తరాలుగా ఇత్తడి, స్టీలు సామాను అమ్ముకునే కుటుంబంలో మూడో కొడుకు. ఇరవై ఏళ్లప్పుడు కొట్లో కూర్చోబెడితే, బేరం మరీ సాగదీసిన గిరాకీ ఒకడి నెత్తిన బిందెతో మోదాడు. ఆ పెద్దమనిషికి ఏడు కుట్లు పడ్డాయి. వీడు వ్యాపారానికి పనికిరాడని తండ్రి ఆ సాయంత్రమే తేల్చేసి, కొట్టు గడప తొక్కొద్దన్నాడు.

అలా చాంద్రాయణగుట్టకు వచ్చిపడ్డాడు. అక్కడ ఒక ఉస్తాద్ దగ్గర క్రేన్ నడపడం నేర్చుకున్నాడు. ఇప్పుడతనికి నలభై ఆరేళ్లు, ఒక సొంత క్రేన్, ఫ్లైఓవర్ కింద దాన్ని నిలుపుకోవడానికి ఒక చోటు, ఇంట్లో కమల అనే ఓపికగల భార్య ఉన్నారు. దక్షిణానికి పోయే హైవే మీద బోల్తాపడిన బండ్లను ఎత్తుకొచ్చి బతుకుతున్నాడు. ఆ పనిలో ఒక కట్టుబాటుంది. ప్రమాదం కబురు అందగానే క్రేన్లవాళ్లందరూ పరుగు తీస్తారు. ఎవడి కొక్కెం ముందు తగిలితే ఆ బండి వాడిది, ఇక దాని మీద మాట లేదు. ఒకసారి విశ్వేశ్వర్ కొక్కెం, ఇంకో క్రేన్ నడిపే బబ్లూ కొక్కెం ఒకే లారీకి అటొకటి ఇటొకటి ఒకే క్షణాన పడ్డాయి. లోపల డ్రైవర్ కాలు నలిగి అరుస్తున్నాడు. బయట వీళ్లిద్దరూ గొలుసులతో కొట్టుకుంటున్నారు. విశ్వేశ్వర్‌కు రెండు పళ్లు రాలాయి, బబ్లూకు భుజం ఎముక విరిగింది. డ్రైవర్‌ను చివరికి బస్సు ప్రయాణికులు దిగి బయటికి లాగారు. ఈ సంగతి చెప్పుకొని ఇద్దరూ తర్వాత ఎన్నోసార్లు నవ్వుకున్నారు కూడా. అలాంటి మనుషులు వాళ్లు.

ఆ హైవే మీద, ఊరికి నలభై కిలోమీటర్ల అవతల, సంగెంకుంట అనే పల్లె దగ్గర నాగమణమ్మ చాయ్ హోటల్ ఉండేది. హోటలంటే నాలుగు గుంజలు, ఒక రేకు. పదమూడేళ్ల కింద, ఒళ్లంతా ఎవరిదో నెత్తురుతో వచ్చి కూర్చున్న విశ్వేశ్వర్‌కు ఆమె ముందు చేతులు కడిగించి, తర్వాత జొన్నరొట్టె పెట్టింది. ఏమైందని అడగలేదు. ఆ ఏడాది రాఖీ పున్నానికి ఆమె రాఖీ కడితే కట్టించుకున్నాడు. అప్పటి నుంచి ఆమె అక్క, ఆమె మొగుడు రామలింగయ్య బావ. ఎవరి మాటా వినని విశ్వేశ్వర్ ఆమె ముందు గొంతు కూడా పెంచేవాడు కాదు.

తర్వాత రోడ్డు పని వచ్చింది. రెండు వరసల పాత రోడ్డు ఆరు వరసలైంది. చింతచెట్లు పోయాయి, నాగమణమ్మ హోటల్ పోయింది. రెండు పక్కలా ఇనప కంచె, మధ్యలో మట్టిపట్టీకి రెండు వైపులా నడుమెత్తు ఇనప రేకులు బిగించారు. ఇక ఎక్కడపడితే అక్కడ ఎవడూ అడ్డం రాడు, ప్రమాదాలే ఉండవని రోడ్డు కంపెనీవాళ్లు పల్లెలో మీటింగ్ పెట్టి చెప్పారు. సంగెంకుంట ఇళ్లు ఈ పక్కన, పొలాలు ఆ పక్కన ఉన్నాయన్న ముక్క మాత్రం ఎవరికీ పట్టలేదు. దాటాలంటే అయిదున్నర కిలోమీటర్లు కిందికి పోయి, రోడ్డు కింది దారిలో దూరి, అంతే దూరం వెనక్కి రావాలి.

విశ్వేశ్వర్‌కూ అదే తంటా వచ్చింది. ప్రమాదం అవతలి పక్కన జరిగితే, ఇతను ఆ పదకొండు కిలోమీటర్లు తిరిగివచ్చేలోగా ఇంకొకడి కొక్కెం పడిపోయేది. మూడు బండ్లు అలా పోయాక నాలుగోసారి ఒళ్లు మండింది. గ్యాస్ కటర్ తీశాడు. సంగెంకుంట ఎదురుగా రెండు రేకులూ నాలుగేసి మీటర్లు కోసి, క్రేన్ పట్టేంత సందు చేసుకున్నాడు. పని కాగానే రేకులు యథాస్థానంలో నిలిపి తీగతో కట్టేసేవాడు, చూసేవాళ్లకు తెలిసేది కాదు. నాలుగో రోజు నాగమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చి నిలబడింది.

"తమ్మీ, ఆ రేకు మళ్ల కట్టకు. మీ బావ గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని పదకొండు కిలోమీటర్లు నడుస్తుండు."

అక్క నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. విశ్వేశ్వర్ రెండు రేకులూ తీసి కంచె పక్క తుప్పల్లో పారేశాడు. పక్క కంచెలకు తామే కంతలు చేసుకొని, వారం తిరగకుండా ఊరంతా అటే నడిచింది. దానికి విశ్వన్న సందు అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ పేరు విన్నప్పుడల్లా అతను మీసం మెలేసేవాడు. బేగంబజార్‌లో వాళ్ల నాన్న పేరు బోర్డు మీద ఉంది, ఇతని పేరు ఏకంగా హైవే మీద ఉంది మరి.

రోడ్డు కంపెనీలో గస్తీ తిరిగే పురుషోత్తం ఒకరోజు కొత్త రేకులు వేసుకొని బండిలో వచ్చాడు. మెత్తని మనిషి. బతిమాలినట్టే చెప్పాడు.

"అన్నా, బండ్లు నూటా ఇరవై మీద వస్తున్నయి. గీడ మనిషి అడ్డమొస్తడని ఎవడు అనుకుంటడు? ఎవరో ఒకరు పోతరు."

విశ్వేశ్వర్ అతని చెంప పగలగొట్టాడు. ఊరివాళ్లు చప్పట్లు కొట్టారు. కింద పడ్డ టోపీ తీసుకొని పురుషోత్తం వెళ్లిపోయాడు, మళ్లీ ఆ సందు జోలికి రాలేదు. ఆ దెబ్బను విశ్వేశ్వర్ నెలరోజులు కథలుగా చెప్పుకున్నాడు.

కార్తీకంలో ఒక పొద్దున ఏడింటికి ఫోన్ వచ్చింది. సంగెంకుంట ఎదురుగా కంటైనర్ లారీ రేకుల మీదికి ఎక్కిందట. బబ్లూ కంటే ముందు చేరాలని విశ్వేశ్వర్ క్రేన్‌ను ఉరికించాడు, చేరాడు కూడా. దిగుతూనే కొక్కెం తగిలించి, వెనకాల వస్తున్న బబ్లూకు చెయ్యి ఊపాడు. అప్పుడు చూశాడు, రోడ్డంతా పచ్చగడ్డి పరుచుకొని ఉంది. గడ్డి వెంట నెత్తురు జారింది. కంటైనర్ ముందు చక్రాల కింద రామలింగయ్య నడుము దాకానే ఉన్నాడు. మిగతాది ఇరవై గజాల వెనక ఉంది.

అప్పటికే ఊరు ఊరంతా మీదపడింది. రాళ్లతో అద్దాలు పగలగొట్టి డ్రైవర్‌ను కిందికి లాగారు. ఎక్కడో ఉత్తరాదివాడు, పాతికేళ్లుంటాయి. విశ్వేశ్వర్ అందరినీ తోసుకొని వెళ్లి వాడి జుట్టు పట్టుకున్నాడు. పిడికిలితో మొహం మీద కొట్టాడు, కిందపడితే బూటుతో పక్కటెముకల్లో తన్నాడు, లేపి మళ్లీ కొట్టాడు. వాడి ఎడమ కన్ను మూసుకుపోయింది, నోట్లోంచి నురగతో నెత్తురు వచ్చింది. వాడు చేతులు అడ్డం పెట్టుకోవడం మానేసి ఒకే మాట పదేపదే అన్నాడు.

"ఇధర్ తో రాస్తా హీ నహీ హై భాయ్. వో కహా సే ఆయా?"

ఇక్కడ దారే లేదు కదా, ఆయన ఎక్కడి నుంచి వచ్చాడని వాడు నిజంగానే అడుగుతున్నాడు. విశ్వేశ్వర్ పిడికిలి గాల్లోనే ఆగింది. ఆ ప్రశ్నకు జవాబు ఆ గుంపులో అందరికంటే బాగా అతనికే తెలుసు. డ్రైవర్‌ను రెండు చేతులా ఎత్తి తన క్రేన్ క్యాబిన్‌లో పడేసి తలుపు వేశాడు. పోలీసులు వచ్చేదాకా తలుపుకు వీపు ఆనించి నిలబడి, వచ్చిన కర్రదెబ్బలన్నీ తనే తిన్నాడు. ఆ కుర్రవాడు బతికాడు గానీ కన్ను దక్కలేదు.

పదకొండో రోజు కర్మకు వెళ్లినప్పుడు, బావ చావుకు తన సందే కారణమని చెప్పేద్దామనే వెళ్లాడు. అతను నోరు తెరవకముందే నాగమణమ్మ అతని చెయ్యి పట్టుకొని, నీ సందు లేకపోతే మా చేను ఎప్పుడో బీడుపడేది తమ్మీ, మీ బావ చచ్చేదాకా నీ పేరే తల్చుకునేటోడు అని ఏడ్చింది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. ఇది మాత్రం గుండెలో గునపం దిగినట్టు దిగింది. పైగా మర్నాటి నుంచి ఆమె ఒక్కతే ఆ సందులోంచి పోయి బర్రెలను చూసుకోవాలట. కొట్టం ఆ పక్కనే ఉంది, ఇవతల ఇంటి దగ్గర కట్టేసిన దూడలకు గడ్డి కూడా అక్కడి నుంచే తేవాలి. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి, కుడిచెవి వినపడదు.

ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. కమల గట్టిగా అడిగితే అంతా కక్కేశాడు. బావను తనే చంపాడని, ఇప్పుడు అక్క వంతు అని చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అట్లయితే పోయి మూసిరా, గీడ కూసుంటే ఏం ఫాయిదా అంది కమల. ఆమెకు తోచింది ఆమె చెప్పింది, అందులో తప్పేమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం వెల్డింగ్ సామాను వేసుకొని ఒక్కడే వెళ్లాడు. క్రేన్‌ను ఎర్రలైటు వేసి రేకు పక్కన నిలిపాడు. తుప్పల్లోంచి పాత రేకులు లాక్కొచ్చి రెండు వైపులా నిలిపి, ఈసారి తీగ కాకుండా గుంజలకు గట్టిగా అతికించాడు. ఆఖరి అతుకు పడుతుండగా ఊరివాళ్లు చూశారు. ముప్పైమంది కర్రలతో రోడ్డు దాటి వచ్చారు. ముందు వెంకటనారాయణ ఉన్నాడు, వరసకు రామలింగయ్య తమ్ముడు.

"ఎవనికి అమ్ముడువోయినవ్ విశ్వన్నా?"

విశ్వేశ్వర్ చెప్పబోయాడు. ఆ సందు చేసింది తనే, బావను చంపింది ఆ సందే అని అరిచాడు. వినే ఓపిక ఎవరికుంది? మొదటి కర్ర వీపున పడగానే పాత మనిషి లేచాడు. గొలుసు అందుకొని తిప్పాడు. ఒకడి మోకాలి చిప్ప పగిలింది, ఇంకొకడి చెవి తెగి వేలాడింది. అంతలో నలుగురు వెనక నుంచి పడి అతన్ని రోడ్డు పక్కకు ఈడ్చుకుపోయారు. మొహం, పొట్ట అని చూడకుండా తన్నారు. అతని పానాతోనే ఎవరో కుడిచేతి మణికట్టు మీద రెండు దెబ్బలు వేశారు. ఎముక విరిగిన చప్పుడు అతనికి వినపడింది. నెల కింద అతని పేరు చెప్పుకొని మురిసిన ఊరే అది.

నాగమణమ్మ నీళ్లబిందెతో వచ్చేసరికి దెబ్బలు ఆగాయి. గుంపు పక్కకు తప్పుకుంది. విశ్వేశ్వర్ నెత్తురు మింగుతూ తలెత్తాడు. ఈమె ఒక్కతికి అర్థమవుతుందని అతని నమ్మకం.

"అక్కా, రేపు నువ్వు గూడ బావ లెక్కనే పోతవ్. గందుకే మూసిన."

ఆమె అతన్ని చూసింది, మూసిన రేకును చూసింది. వంగి అతని చెంప మీద ఛెళ్లున కొట్టింది. అంతమంది కర్రలతో కొట్టినప్పుడు రాని ఏడుపు ఆ దెబ్బకు వచ్చింది.

"బర్రెలు పొద్దటి నుంచి నీళ్లు తాగలె. మనిషిని రోడ్డు తీస్కపోయింది. చేను నువ్వు తీస్కపోకు."

అని కుచ్చిళ్లు పైకి దోపుకొని, బిందె చంకన పెట్టుకొని రోడ్డు మీదికి దిగింది. ఎవరో ఆపబోతే విదిలించుకుంది. మూడు వరసలు దాటి రేకు దగ్గరికి చేరింది. ఇన్నాళ్లూ రెండడుగుల్లో దాటిపోయే చోట ఇప్పుడు ఎక్కాలి. బిందె అవతల పెట్టి, ఒక కాలు పైకెత్తి రేకు మీద అడ్డంగా కూర్చుంది. రెండో కాలు రాలేదు, మోకాలు వంగలేదు. కొంగు గాలికి రోడ్డు మీదికి ఎగురుతోంది. కుడిపక్క నుంచి ఇసుక లారీ హారన్ కొడుతూ వస్తోంది. ఆమె వినబడని చెవి అటే ఉంది. విశ్వేశ్వర్ లేవబోయి కూలబడ్డాడు, ఊరంతా అరిచింది. లారీ చివరి క్షణాన పక్కకు మళ్లింది. దాని అంచుకు చిక్కి కొంగు పరపరా చిరిగింది. ఆ ఊపుకు ఆమె గిర్రున తిరిగి మట్టిపట్టీలో తలకిందులుగా పడింది.

తర్వాత ఆమె లేచింది. నుదురు చిట్లి నెత్తురు కళ్లలోకి కారుతోంది. చిరిగిన చీర నడుముకు చుట్టుకొని, బిందె తీసుకొని ఇటు తిరిగింది.

"సాయంత్రం గూడ గిట్లనే వస్త తమ్మీ."

బెదిరింపు కాదు, ఉన్న మాట చెప్పింది. రెండో రేకు కూడా అలాగే పాక్కుంటూ ఎక్కి, అవతలి మూడు వరసలు దాటి పొలాల్లోకి పోయింది.

గ్యాస్ కటర్ తెమ్మని విశ్వేశ్వర్ వెంకటనారాయణను అడిగాడు. అతను తెచ్చి ఇచ్చాడు. విరిగిన చేతిని తువాలుతో మెడకు కట్టించుకొని, కటర్ ఎడమచేత పట్టుకున్నాడు. కటర్ బరువుకు ఆ చెయ్యి వాలిపోతుంటే, ఇందాక పానాతో కొట్టినవాడే మోచెయ్యి కింద చెయ్యి వేసి నిలబడ్డాడు. గంట కింద తను వేసిన అతుకులన్నీ తనే ఒక్కొక్కటిగా కోశాడు. ఊరివాళ్లు రేకులు రెండూ ఎత్తుకుపోయారు.

ఆసుపత్రికి పోదామంటే వినలేదు. క్రేన్ మెట్టు మీద కూర్చొని అవతలి పక్కకే చూశాడు. ఎండ వాలుతుండగా ఆమె గడ్డిమోపుతో వచ్చింది. అవతలి వరసలు దాటి, సందులోంచి నడిచి, ఇవతలి అంచున ఆగింది. ఒక కంటైనర్ పోయింది, ఒక బస్సు పోయింది, వెనకాలే రెండు కార్లు పోయాయి. మోపు కింద ఆమె మెడ అటూ ఇటూ తిరిగింది, వినపడని వైపు రెండుసార్లు చూసుకుంది. తర్వాత అడుగు వేసింది.

ఆ రోజుకు దాటింది.