తొట్టి దగ్గర కదలని మొహాలు

2022లో నేను రేపల్లె దాటాక ఉన్న ఒక రొయ్యల ఎగుమతి ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌గా చేరాను. చదువు బాపట్లలో, కాపురం తెనాలిలో. పాపకు అప్పుడు రెండేళ్ళు. పొద్దున్నే దాన్ని అత్తయ్యకు అప్పగించి రేపల్లె రైలెక్కేదాన్ని. దిగేదాకా అది ఏం మింగేసిందో, ఎక్కడ పడిందో అని దిగులు.

విదేశాల వాళ్ళు సరుకు కొనేముందు, మేం పనివాళ్ళను ఎలా చూస్తున్నామో కూడా అడుగుతారు. అందుకని మా కంపెనీకి ఒక హ్యూమన్ రైట్స్ పాలసీ ఉంది. ఉద్యోగుల గౌరవానికీ ఆరోగ్యానికీ భంగం రానివ్వమని యాజమాన్యం రాసిచ్చే హామీ అది. దాన్ని తెలుగులో రాసింది నేనే. పీలింగ్ హాలు తలుపు పక్కన ఫ్రేము కట్టించి పెట్టాం. పీలింగ్ హాలంటే ఆడవాళ్ళు వరసగా నిలబడి రొయ్యల తలలు తీసి పొట్టు ఒలిచే చల్లటి గది.

ఆ తలుపు దగ్గర నాకు ఇంకో పని ఉండేది. లోపలికి వెళ్ళి గ్లవుజులు తొడుక్కునేముందు అందరూ క్లోరిన్ కలిపిన నీళ్ళ తొట్టిలో ఒట్టి చేతులు ముంచాలి. దాన్ని హ్యాండ్ డిప్ అంటారు. చేతికి గాయం ఉన్నవాళ్ళను రానివ్వకూడదు, క్రిములు సరుకులోకి చేరతాయి. వాళ్ళ పేరు రిజిస్టర్లో రాసుకుని ఇంటికి పంపేవాళ్ళం. ఆ రోజు కూలి ఉండదు.

రొయ్య తల మీద రంపం లాంటి ముల్లు ఉంటుంది. గ్లవుజు ఉన్నా గుచ్చుకుంటుంది. ఆ గాట్లు కంటికి ఆనవు. చేరిన నెలకే నేనొక కిటుకు కనిపెట్టాను. గాటు మీద క్లోరిన్ పడితే మండుతుంది కదా, చేతులు చూడటం మానేసి మొహాలు చూడటం మొదలుపెట్టాను. కనుబొమ్మ ముడిపడితే చాలు, "పక్కకు రామ్మా" అనేదాన్ని. మేనేజరుగారు మీటింగులో మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకు రిజిస్టర్లో పేర్లు తగ్గిపోయాయి. మేం ఇచ్చిన శిక్షణ ఫలితమని రిపోర్టు రాశాను.

ఒకరోజు అన్నాల వేళ పీలింగ్ హాల్లో నాగమణిగారు తన టేబుల్ పక్కన కూలబడ్డారు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. ఎడమచేతి గ్లవుజు ఎంత లాగినా రాలేదు. కత్తెరతో కోశాం. చూపుడువేలు వంకాయలా ఉబ్బి, కమిలిపోయి ఉంది.

"ఎన్నాళ్ళయిందండీ ఇలా?"

"ఐదు రోజులండి."

ఆ ఐదు రోజులూ ఆవిడ నా కళ్ళ ముందే తొట్టిలో చెయ్యి ముంచారు.

రేపల్లెలో డాక్టరు చూసి తెనాలి తీసుకెళ్ళమన్నారు. అక్కడ చీము తీశారు. వేలు దక్కేదీ లేనిదీ రెండు రోజులు పోతే గాని చెప్పలేమన్నారు. మర్నాడు వెళ్తే, ఆవిడ పక్క టేబుల్లో పనిచేసే సుబ్బులు తోడుగా కూర్చుని ఉంది.

"అంత మంట ఎలా ఓర్చుకున్నారండీ? మొహంలో ఏమీ కనపళ్ళేదే" అన్నాను.

సుబ్బులు అందుకుంది. "మీరు మొహాలు చూస్తారని మా అందరికీ తెలుసు మేడం. ఇంటికాడ గిన్నెలో ఉప్పునీళ్ళు పోసుకుని, చెయ్యి ముంచి, అద్దంలో చూసుకుంటా నేర్చుకున్నాం. ఈవిడైతే ఫస్టు క్లాసు. పెళ్ళి ఫొటో దిగుతున్నట్టు నిలబడుద్ది."

"ఊరుకోవే" అన్నారు నాగమణిగారు. తర్వాత నా వైపు తిరిగి, "మిమ్మల్ని అనటం లేదండి. నాలుగు రోజులు ఇంట్లో కూచుంటే నాలుగు రోజుల కూలి పోద్ది. మా పిల్ల ఇంటరు చదువుతుంది" అన్నారు.

అంతకు ముందు వారమే మా పాపకు జ్వరమొచ్చి నేను మూడు రోజులు సెలవు పెట్టాను. నా జీతంలో ఎవరూ పైసా కోయలేదు.

ఫ్యాక్టరీలో మేనేజరుగారు తేల్చి చెప్పేశారు. "గాయం దాచింది. ఆ టేబుల్ సరుకంతా పక్కన పడేశాం. ఆవిణ్ణి పనిలోంచి తీసెయ్యాల్సిందే. మీరు రిపోర్టు రాయండి, నేను సంతకం పెడతా."

రిపోర్టు రాయటానికి రెండు రోజులు పట్టింది. నిజం రాస్తే నా ఉద్యోగం కూడా పోతుందేమోనని భయం. చివరికి ఆవిడ గాయం దాచిన మాట నిజమే అని రాశాను. దాచటం నేర్పింది మాత్రం మన రూలూ, నేను పట్టుకున్న పద్ధతీ అని కింద రాశాను.

ఆయన రెండుసార్లు చదివారు. "ఏంటమ్మా ఇది? మీ మీద మీరే రాసుకున్నారు?"

"జరిగింది అదేనండి."

"అయితే రూలు తప్పంటారా? కొనేవాళ్ళు సరుకు కంటైనరు తిప్పి పంపితే మీరొచ్చి దింపుకుంటారా?"

"రూలు తప్పు కాదండి సార్. గాటున్న చెయ్యి రొయ్యను ముట్టుకోకూడదు. కానీ అట్టపెట్టెలు మడవచ్చు, లేబుళ్ళు అంటించొచ్చు. అదే కూలికి అక్కడ కూర్చోబెడదామండి. ఇంటికి పంపుతున్నన్నాళ్ళూ దాస్తూనే ఉంటారు. ఆ చేతులే లోపలికి వెళ్తుంటాయి."

"రేపు కొనేవాళ్ళు వచ్చి ఈ కాయితం అడిగితే?"

"ఇద్దామండి. గోడ మీద రాసుకున్నది ఇప్పుడు చేస్తున్నామని చెబుదాం."

ఆయన కాయితం సొరుగులో పెట్టి తాళం వేశారు. వారం తర్వాత పిలిచి, ఒక నెల చూద్దామన్నారు. నాగమణిగారిని తీసెయ్యలేదు. వేలు దక్కింది గాని ఇక వంగదు. ఆ చేత్తో పొట్టు ఒలవలేరు కాబట్టి పాత కూలికే లేబుళ్ళ గదిలో ఉంచారు.

కొత్త పద్ధతి మొదలైన పొద్దున తొట్టి దగ్గర నిలబడి వరసకంతా చెప్పాను. గాయం ఉన్నవాళ్ళు చూపిస్తే పెట్టెల గదిలో పని, కూలి తగ్గదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుబ్బులు ముందుకొచ్చి, "ఏదీ, చూద్దాం మీ మాట" అంటూ చెయ్యి చాపింది. బొటనవేలి పక్కన పాత గాటు ఒకటి, కొత్తది ఒకటి. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పద్నాలుగు మంది. ముందు రోజు రిజిస్టర్లో గాయాలు లేవని నా చేత్తో రాసి ఉంది.

ఇప్పటికీ ఏ రిజిస్టర్లోనైనా సున్నా కనిపిస్తే నాకు నమ్మకం కుదరదు. ఫిర్యాదులు లేవని ఎవరైనా గొప్పగా చెబితే, నేను వెళ్ళి అక్కడ పనిచేసేవాళ్ళను ఒక్కటే అడుగుతాను, ఫిర్యాదు చేసినవాళ్ళు ఇక్కడ ఏం పోగొట్టుకోవాల్సి వస్తుందని.