కుదురులేని కాలు

బట్టలు కుట్టుకునే మనిషికి విమానాల మీద అంత పట్టింపేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆయన భార్య పదేళ్లుగా అడుగుతూనే ఉంది. జేబు నూలుపోగంత పక్కకు పోతే చొక్కా అంతా విప్పి కుట్టే టైలరు, కంప్యూటర్లో విమానయుద్ధం ఆడేటప్పుడు మాత్రం చూసీచూడనట్టు ఊరుకుంటాడా?

ఆ ఆటలో ఆయనకు కంటగింపు ఒక్కటే. వేగం చచ్చిన విమానం ఒక రెక్క వాల్చి గిరగిరా తిరుగుతూ పడిపోతుంటే, చేతులు వదిలేస్తే చాలు, దానంతటదే సర్దుకునేది. "నిజం విమానం అలా లేస్తుందా అండీ? ఇంజను తగ్గించాలి, తిరిగే వైపుకు ఎదురు పెడలు తొక్కిపట్టాలి, నడిపే కర్ర ముందుకు తొయ్యాలి, ఓపిక పట్టాలి!" అంటూ ఆట తయారుచేసిన కంపెనీకి రెండేళ్లపాటు మెయిళ్ల మీద మెయిళ్లు పెట్టి ప్రాణం తీశాడు. పోరు పడలేక వాళ్లు మార్చేశారు.

మార్చిన రోజే ఆటలో ఆయనతో కలిసి ఎగిరే జట్టులో ఐదుగురూ టపటపా రాలిపోయారు. జట్టు నాయకుడైన పళ్ల డాక్టరు, పాత పద్ధతే కావాలని కంపెనీకి అర్జీ రాశాడు. టైలరుకు రోషం పొడుచుకొచ్చింది.

"ఆదివారం మీ అందరి ముందూ గింగిరాల్లోంచి బయటికి తీస్తా. తియ్యలేకపోతే ఆ అర్జీ మీద మొదటి సంతకం నాదే!"

వారమంతా సాధన చేశాడు, వారమంతా కూలాడు. పాఠం నోటికొచ్చు, కాలే మాట వినదు. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన కాలు మరి. కంగారు పుట్టిందంటే, ఆట కోసం బల్ల కింద పెట్టుకున్న పెడలును తొక్కిపట్టకుండా టకటకా తొక్కి వదిలేది. ఆ సంగతీ ఆయన కనిపెట్టింది కాదు. పక్కనే కాజాలు కుడుతున్న భార్య బల్ల కిందికి తొంగిచూసి చెప్పింది.

"విమానం నడుపుతున్నారా, ప్యాంటు కుడుతున్నారా?"

ఆదివారం మధ్యాహ్నం జట్టంతా ఎవరి తెర ముందు వాళ్లు కూర్చుని చూస్తుండగా, ఆయన కావాలనే విమానాన్ని గింగిరాల్లోకి దించాడు. నేల తిరుగుతూ మీదికొస్తోంది. కాలు ఆడటం మొదలెట్టింది. ఆయన నుదుటి చెమట చూసి భార్యకు జాలేసింది. సూది పక్కనపెట్టి, కాలు చాపి, ఆయన పాదాన్ని తన పాదంతో నొక్కిపట్టింది.

"కదిలారంటే ఊరుకోను!"

ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో తిరగడం ఆగింది. ఆయన మెల్లగా కర్ర లాగాడు. విమానం చెట్ల మీదుగా పైకి లేచింది.

మైకులో ఒకటే కేకలు. "ఒప్పుకున్నాం గురువుగారూ! అర్జీ చింపేస్తున్నా" అన్నాడు డాక్టరు.

టైలరు ముఖం వెలిగిపోయింది. అంతలోనే చిన్నబోయింది. నిజం విమానం, నిజం విమానం అని రెండేళ్లు ఊదరగొట్టిన నోరది, ఇప్పుడు గమ్మునుండలేకపోయింది.

"చింపకండి. ఆ కాలు నాది కాదు, మా ఆవిడది. సంతకం పెడతాను, పంపండి."

ఈ మనిషితో వేగలేనని ఆమె పదేళ్లుగా అనుకుంటూనే ఉంది. ఇవాళ మాత్రం గర్వంగా అనుకుంది.

"పెట్టండి సంతకం. పెట్టేసి మళ్లీ ఎక్కండి. ఈసారి నేను కాలు వెయ్యను" అంది.