గీత మీద పడిన బంతి

పక్కింటి టెన్నిస్ కోచ్‌గారు పోయారని మా అమ్మాయి వచ్చి చెప్పినప్పుడు నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు, కోపం. నిద్రలోనే వెళ్ళిపోయారట. ఆరేళ్ళుగా ఆయన నన్ను ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చారు. నేను తప్పించుకుంటూ వచ్చాను. మనవరాలు సెలవులకు కాలేజీ నుంచి రాగానే, ఇద్దరి ఎదుటా జవాబు చెప్పేద్దామని ఈ చలికాలమే నిశ్చయించుకున్నాను. జీవితమంతా గడియారం ముల్లు పట్టుకుని నడిచిన మనిషి, ఈ ఒక్కసారి నాకోసం నాలుగు రోజులు ఆగలేకపోయారు.

ఏటా ఆరు నెలలు నేను అమెరికాలో, నోవై అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఉంటాను. తొలిసారి వచ్చినప్పుడు, తెల్లవారుతూనే స్నానం చేసి వెనక వరండాలో పద్యం అందుకోగానే, పక్కింటి గరాజ్ గోడకు బంతి కొడుతున్న చప్పుడు మొదలైంది. నలభై ఏళ్ళు ఛందస్సు పాఠం చెప్పిన చెవి నాది. ఆ చప్పుడులో గురువులూ లఘువులూ వాటంతటవే ఏర్పడి, నా చంపకమాలను లాక్కుపోయి ఇంకో వృత్తంలో పడేసేవి. యతిస్థానం రాకముందే బంతి గోడకు తగిలేది. వారం రోజులు ఓర్చుకుని లేచాను.

“నాన్నా, వెళ్ళి గొడవ పెట్టుకోకండి. ఇక్కడ అలా ఇంటిమీదికి వెళ్ళి అడగరు. నేను ఈమెయిల్ పెడతాలెండి,” అంది మా అమ్మాయి.

“పద్యం పాడైతే ఈమెయిల్ ఏమిటే!” అని వెళ్ళాను.

తెల్లని జుట్టు, తాటిచెట్టంత ఎత్తు, రెండు మోకాళ్ళకూ పట్టీలు. నా మాట పూర్తిగా విని, “మీరు ఎన్నింటికి ముగిస్తారు?” అన్నారు. ఏడింటికన్నాను. “అయితే నేను ఏడూ ఒకటికి మొదలుపెడతాను,” అన్నారు. మా సంభాషణ అంతా ఇంగ్లీషులోనే, ఆయనది జర్మన్ యాసతో, నాది పాఠ్యపుస్తకం వాసనతో. ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. మర్నాటినుంచి సరిగ్గా ఏడూ ఒకటికే చప్పుడు. నా పద్యం ఏడుంబావుదాకా సాగిన రోజున కూడా ఏడూ ఒకటికే. ఫిర్యాదుకు చోటివ్వని మనిషి పక్కన కాపురం ఎంత కష్టమో పాఠకులు ఊహించుకోవాలి.

మనవరాలు ఆయన దగ్గర ఆట నేర్చుకోవడం మొదలుపెట్టాక కష్టాలు రెట్టింపయ్యాయి. అది నన్ను తాతయ్యా అని పిలవడం విని, అదే నా పేరనుకుని, ఆయనా “టాటయ్యా” అనసాగారు. నాకంటే ఏడాదిన్నర చిన్న! ఎన్నిసార్లు దిద్దినా “యెస్, టాటయ్యా” అనేవారు. పైగా నాకు ఉద్యోగం కూడా ఇచ్చారు. పార్కు కోర్టులో వెనక గీతకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేయించి, బంతి గీత లోపల పడిందో బయట పడిందో చెప్పమన్నారు. గీతను తాకినా లోపల పడినట్టే లెక్క.

“బహుశా బయటేమో...” అన్నాను మొదటిరోజు.

“బహుశా అనేది కాల్ కాదు, టాటయ్యా. కాల్ అంటే తీర్పు: ఇన్ లేదా ఔట్. గట్టిగా!”

గట్టిగా అన్నాను. “ఇంకా గట్టిగా!” అన్నారు. వేయిమంది సభలో మైకు లేకుండా ఉపన్యసించిన నన్ను! గొంతు నొప్పెడితే ఔట్‌కు చూపుడువేలు పైకెత్తితే చాలునని ఆఖరికి సడలింపు ఇచ్చారు. ఆయన పెట్టిన నియమాల్లో మరొకటి: సందేహం కలిగితే ఆ పాయింటు ఎదుటివాళ్ళది. టీవీ పోటీల్లో బంతి పడిన చోటును యంత్రం బొమ్మ గీసి చూపడం అప్పుడప్పుడే వచ్చింది. అది చూసి, ఇక మనుషులు నిజం చెప్పవలసిన పని తప్పిందని గొణుక్కునేవారు.

ఆయన తండ్రి జర్మనీలో ఒక చిన్న పట్టణపు క్లబ్బులో ఎర్రమట్టి కోర్టులు తడిపి, ఊడ్చే పని చేసేవారు. ఆ మట్టిలో బంతి పడితే గుర్తు మిగులుతుంది. తగాదా వస్తే వెళ్ళి ఆ గుర్తుచుట్టూ వేలితో సున్నా చుట్టి, తేల్చుకుంటారు. “మీ అమెరికా సిమెంటుకు జ్ఞాపకం లేదు,” అని నన్ను దెప్పేవారు, అమెరికా నేనే కట్టించినట్టు.

ఇక అసలు సంగతి. మనవరాలు హైస్కూల్లో చేరిన ఏడు, అక్కడి టెన్నిస్ జట్టులో చివరి స్థానానికి అదీ ఇంకో అమ్మాయీ మిగిలారు. ఒక్క ఆటతో తేలాలి. అంపైర్ ఉండరు, ఎవరి వైపు పడిన బంతిని వాళ్ళే చెప్పుకోవాలి. నేను కంచె బయట అలవాటైన కుర్చీలో, కోచ్‌గారు నా భుజం వెనుక. ఆఖరి ఘట్టంలో ఎదుటి అమ్మాయి కొట్టిన బంతి మావైపు వెనక గీత దగ్గర పడింది. మనవరాలికి అంతుపట్టలేదు. వెనుదిరిగి నా వంక చూసింది. నా చూపుడువేలు లేచింది.

“ఔట్!” అంది పిల్ల. గెలిచింది. ఎదుటి అమ్మాయి వచ్చి చేయి కలిపి, సంచీ సర్దుకుని వాళ్ళమ్మ కారెక్కింది. ఆ తరువాత ఆమెను కోర్టు దగ్గర నేను చూడలేదు.

ఆ సాయంత్రం కోచ్‌గారు నన్ను తమ గరాజ్‌లోకి పిలిచారు. మంచు ఎత్తే పారల వెనుక, కనపడీ కనపడనట్టు, పటం కట్టిన పాత పత్రిక ముక్క. పదేళ్ళు రైళ్ళలో తిరిగి, చిన్న చిన్న పోటీలాడి, మోకాళ్ళు పాడుచేసుకున్న ఆటగాడు, అంటే ఆయనే, ఒకే ఒక్కసారి ఒక పెద్ద ఆటగాణ్ణి ఓడించిన వార్త అది. ఆఖరి సెట్టులో తాను అందుకున్న ఒక బంతి అప్పటికే రెండుసార్లు నేలను తాకిందట, అంటే ఆ పాయింటు ఎదుటివాడిదే. అంపైర్ చూడలేదు. ఎదుటివాడు చూశాడు. ఈయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డారు.

“ఆ మ్యాచ్ నలభై ఏళ్ళుగా గెలుస్తూనే ఉన్నాను, టాటయ్యా. చాలా అలసటగా ఉంది,” అని, నావైపు తిరిగి, “ఇవాళ్టి బంతి ఇన్నా, ఔటా?” అన్నారు.

నేనూరుకున్నానా? ధర్మసూక్ష్మాలు విప్పాను. ఏయే సందర్భాల్లో అనృతం దోషం కాదో సంస్కృతంలో చెప్పి, ఇంగ్లీషులోకి మార్చాను. సత్యం మీద జీవితకాలం ప్రసంగాలు చేసిన నోరు అంత చురుగ్గా పనిచేయడం నాకే వింతగా తోచింది. అంతా విని, “బాగుంది. ఇన్నా, ఔటా?” అన్నారాయన.

“మీరే చూశారుగా, మీరే చెప్పండి పిల్లకి!”

“నేను చెబితే అది ఫిర్యాదు. మీరు చెబితేనే కాల్.”

అంతే, ఆరేళ్ళు. కంచె దగ్గర కనపడితే అదే ప్రశ్న. మా అమ్మాయి పంపిన పులిహోర గిన్నె తిరిగిస్తూ అదే ప్రశ్న. నేను వాతావరణం గురించి మాట్లాడేవాణ్ణి. మొన్న అక్టోబరులో ఆకులు ఊడుస్తూ మళ్ళీ అడిగితే, “ఎప్పటి బంతండీ అది! ఎప్పుడో పోయింది!” అని కసిరాను. “బంతి పోయింది. మీరే ఇంకా ఆ కుర్చీలో కూర్చున్నారు,” అని ఆకులు ఊడ్చుకున్నారు.

నిన్న మనవరాలు వచ్చింది. కోచ్‌గారి మేనకోడలు దానికోసం ఉంచిన బంతుల బుట్టలోంచి ఒకటి తీసుకుని, ఇద్దరం పార్కుకు నడిచాం. గీతలన్నీ మంచుకింద ఉన్నాయి. అది బంతిని పైకెగరేసి వదిలేసింది. వెనక గీత ఉండవలసిన చోట బంతి మంచులో దిగింది. పైకి తీస్తే గుండ్రని గుర్తు.

చెప్పాను. ఆ రోజు బంతి గీత మీదే పడిందని, నేను స్పష్టంగా చూశానని, నువ్వు జట్టులో ఉండాలని వేలెత్తానని.

“సిక్స్ ఇయర్స్, తాతయ్యా!” దాని ముఖం ఎర్రబడింది. “ఆ అమ్మాయి నా కెమిస్ట్రీ క్లాస్‌లో ఉండేది. రోజూ హాయ్ చెప్పేదాన్ని. కోచ్‌కి తెలుసా?”

“తెలుసు. నేనే చెప్పాలన్నారు.”

అది బంతికంటిన మంచు దులిపి జేబులో పెట్టుకుంది. తరువాత, “ఆమె నంబర్ ఉంది. ఇంటికెళ్ళి కాల్ చేస్తా. నువ్వూ మాట్లాడాలి,” అంది. తలూపాను. “ముందు ఇక్కడ చెప్పు. ఆయనకి.”

“ఇన్,” అన్నాను.

“లౌడర్, తాతయ్యా.”

“ఇన్!” అని అరిచాను. అవతల కుక్కను తిప్పుతున్న పెద్దమనిషి ఆగి చూశాడు. నేను చేతికర్ర కొనతో మంచులోని గుర్తుచుట్టూ సున్నా చుట్టాను. అది కొంచెం వంకరగా వచ్చింది. మంచు మళ్ళీ సన్నగా పడసాగింది. ఆ సున్నా పూడిపోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.